డీజే బండిని తిట్టండి, టెక్నోని కాదు

సంపాదకుల వారికి నమస్కారం.

మొన్న మీ పేజీలో ఒక పాఠకుడి ఉత్తరం చదివానండి. పెళ్లి ఊరేగింపు డీజే మోతకి వాళ్లింట్లో పసిబిడ్డ గుక్కపట్టి ఏడ్చిందని రాశారు. అక్కడిదాకా నేను ఆయన పక్షమే. ఆ తర్వాత ఎలక్ట్రానిక్ సంగీతం అంతా ఒకటే దరువనీ, దాన్ని సంగీతం అనడమే తప్పనీ, మొత్తానికే నిషేధించాలనీ అన్నారు చూడండి, అక్కడ నాకు ఒళ్లు మండింది. ఉండి మండలంలో మూడెకరాల రొయ్యల చెరువు చేసుకునేవాణ్ణి, పదేళ్లుగా ఈ సంగీతమే వింటున్నాను, కాబట్టి నా మాట కూడా వెయ్యండి.

ముందు మోత సంగతి తేల్చేద్దాం. మా వీధిలో కూడా మాఘమాసంలో ఒక పెళ్లయింది. ట్రాక్టరు ట్రక్కు మీద అటు నాలుగు ఇటు నాలుగు బేస్ బాక్సులు, వెనకాల జనరేటరు. మా అమ్మ మంచం పక్కన స్టూలు మీద స్టీలు గ్లాసులో మంచినీళ్లు పెట్టుకుంటే, బండి మలుపు తిరగకముందే ఆ నీళ్లు వణకడం మొదలైంది, ఇంటి ముందుకొచ్చేసరికి కిటికీ అద్దం ఒకటి నిలువునా చీలింది. కోపమొచ్చి ఆ బండి మీద ఏమేం మోగాయో లెక్కపెట్టాను. పద్నాలుగు పాటలు, పద్నాలుగూ సినిమా పాటలే. కింద ఒక డబ్‌డబ్ అతికించి రీమిక్స్ అన్నారు, అంతే. ఎలక్ట్రానిక్ సంగీతంలో హౌస్ అనీ టెక్నో అనీ రకాలున్నాయి, అందులో హౌసూ లేదు, టెక్నో లేదు. రాత్రి 10 నుంచి పొద్దున్న 6 దాకా బయట లౌడ్‌స్పీకర్ మోగించకూడదని 2000 సంవత్సరం నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి, ఇళ్ల మధ్య పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 దాటకూడదు. ఆ రూలు అమలు చెయ్యమని అడగండి, నేనూ సంతకం పెడతాను. అదే బండి మీద త్యాగరాజ కీర్తన పెట్టినా మా అద్దం చీలేదే.

ఇక అన్నీ ఒకటే అన్న మాట. కోడిపందేల గురించి పేపర్లో రాయకూడదు గానీ, మా భీమవరం వైపు పెద్దమనిషి ఎవర్నైనా అడగండి, ఏది డేగో ఏది కాకో ఏది నెమలో పుంజు వీపు చూసి చెప్పేస్తాడు. పండక్కి హైదరాబాద్ నుంచి దిగిన చుట్టానికి అన్నీ కోళ్లే. ఇదీ అంతేనండి. అమెరికాలో చికాగోలో వేర్‌హౌస్ అని ఒక క్లబ్బు ఉండేది, అంటే గోడౌను. 1977 నుంచి అక్కడ ఫ్రాంకీ నకల్స్ అనే ఆయన రికార్డులు కలిపి వాయించేవాడు. డబ్బున్న క్లబ్బుల్లో చోటు దొరకని నల్లజాతి కుర్రాళ్లు తెల్లవార్లూ ఆడేది అక్కడ. ఆ గోడౌను పేరులోంచే హౌస్ అనే మాట పుట్టింది. నిమిషానికి నూట ఇరవై చిల్లర దెబ్బలు, నాలుగు దెబ్బల మీదా పెద్ద డ్రమ్ము పడుతుంది, పైన పియానో, గొంతు, కాస్త సంతోషం. టెక్నో డెట్రాయిట్‌ది. కార్ల ఫ్యాక్టరీలు ఒక్కోటీ మూతబడుతున్న ఆ అమెరికా ఊళ్లో హువాన్ అట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్ అని ఒకే బళ్లో చదువుకున్న ముగ్గురు స్నేహితులు మొదలుపెట్టారు. అందులో సంతోషం తక్కువ, యంత్రం ఎక్కువ. డ్రమ్ అండ్ బేస్ ఇంగ్లండ్ సరుకు, నిమిషానికి 170 దాకా ఉరుకుతుంది, కాలు కాదు గుండె ఆడుతుంది. బీపీ ఉన్నవాళ్లు పడుకునే ముందు వినకండి, నా అనుభవం.

నాకు టెక్నో అర్థమైంది చెరువు గట్టు మీదే. చేపలో రొయ్యలో వేసినవాళ్లకి తెలుసు, నీళ్లలో ఆక్సిజన్ తెల్లవారుజామున అడుక్కి పడిపోతుంది, అందుకని రాత్రంతా ఏరియేటర్లు, అంటే నీళ్లు చిలికి గాలి కలిపే యంత్రాలు, తిప్పుతూ ఒక మనిషి మేలుకుని ఉండాలి. వెనామీ రకం రొయ్య వేసిన మొదటి ఏడు ఆ మనిషిని నేనే. నాలుగు ఏరియేటర్లు, ఒక్కోటీ నీళ్లని చెంపమీద కొట్టినట్టు కొడుతుంటాయి, నాలుగింటి లెక్కా ఒకటి కాదు. కాసేపు కలుస్తాయి, కాసేపు విడిపోతాయి, మళ్లీ ఎక్కడో కలుస్తాయి. నిద్రమత్తులో అది వింటూ వింటూ ఉంటే లోపల ఇంకేదో పాట ఉన్నట్టు అనిపించేది. ఆ రోజుల్లో మా మేనల్లుడు ఫోన్లో ఒక డెట్రాయిట్ రికార్డు ఎక్కించి ఇచ్చాడు. ఇయర్‌ఫోన్స్ పెట్టగానే ఇదేంటి, మా చెరువే కదా అనుకున్నాను.

ఆ అలవాటు ఒకసారి నన్ను ముంచబోయింది కూడా. ఈ పాటల్లో బ్రేక్‌డౌన్ అని ఒకటి వస్తుంది, సగంలో డ్రమ్ములన్నీ ఆగిపోయి వట్టి గాలిలాంటి చప్పుడు మిగులుతుంది, కొంతసేపాగి దరువు మళ్లీ దిగుతుంది. అక్కడే అసలు మజా. ఒకరోజు మూడింటికి అలా దరువు ఆగింది, నేను కళ్లు మూసుకుని ఎదురు చూస్తున్నాను, పాటలో దరువు దిగింది గానీ ఏదో బోసిగా ఉంది. ఇయర్‌ఫోన్స్ పీకితే చెరువంతా నిశ్శబ్దం. కరెంటు పోయింది! రొయ్యలు అప్పటికే గట్టు వారకి, పైపైకి వచ్చేస్తున్నాయి. జనరేటరు స్టార్ట్ చేసేదాకా నా చేతులు నా చేతుల్లో లేవు. అప్పట్నుంచి కాపలా రోజుల్లో ఒక చెవికే పెట్టుకుంటున్నాను.

నా మాటలకి ఇంట్లో అసలైన ప్రత్యర్థి మా పెద్దబావ. కుర్రతనంలో పద్యనాటకాలకి హార్మణి వాయించిన మనిషి, రాగం తప్పితే స్టేజీ మీదే మొహం మాడ్చుకునేవాడట. "పల్లవి లేదు, చరణం లేదు, మనిషి గొంతే లేదు, రైసుమిల్లుకి పాట అని పేరు పెట్టుకున్నార్రా మీరు" అంటాడు. ఆయన కోసమే ఒక రికార్డు దాచి ఉంచాను, ఉత్తరం రాసిన పెద్దాయనకి కూడా అదే మందు. చరణ్‌జీత్ సింగ్ అని బొంబాయి సినిమా ఆర్కెస్ట్రాల్లో వాయించిన కళాకారుడు ఉండేవాడు. 1982లో ఆయన పది హిందుస్తానీ రాగాలని డిస్కో దరువు మీద సింథసైజర్లతో వాయించి ఒక రికార్డు చేశాడు. అందులో వాడిన చిన్న పెట్టె పేరు రోలాండ్ టీబీ-303. బేస్ గిటార్ వాయించే తోడు లేని గిటారిస్టుల కోసం జపాన్ కంపెనీ చేసింది, పెద్దగా ఎవరూ కొనక 1984కల్లా ఆపేసింది. ఆ పెట్టెలే సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా దొరికి, చికాగో కుర్రాళ్లు మీటలు ఇష్టమొచ్చినట్టు తిప్పి 1987లో ఒక రికార్డు వదిలితే యాసిడ్ హౌస్ అని ప్రపంచం గంతులేసింది. అది రావడానికి ఐదేళ్ల ముందే, అదే పెట్టె మీద, ఇంచుమించు అదే మెలికలు తిరిగే నాదంతో మన బొంబాయిలో భైరవ్ రాగం మోగిందన్నమాట. అప్పట్లో మనవాళ్లెవరూ పట్టించుకోలేదు. 2010లో బయటిదేశం వాళ్లు మళ్లీ అచ్చువేస్తే అప్పుడు తెలిసింది. అటు వాళ్లు దీన్ని చూసి చేశారని నేననను, రెండు చోట్లా వేరువేరుగా పుట్టింది. కానీ ఇదంతా మన చెవికి పడని పరాయి మోత అనే మాట మాత్రం ఇక చెల్లదు.

మేనల్లుడితో వేరే తగువు. వాడికి ఈడీఎం, అంటే ఎలక్ట్రానిక్ డాన్స్ మ్యూజిక్, అంటే పెద్ద స్టేజీ, మంటలు, దరువు పెంచి పెంచి ఒక్కసారి దింపే డ్రాప్. అది నాకు ఉప్పుకారం తప్ప ఇంకేం లేని కూరలా ఉంటుంది, రెండు ముద్దలకే నోరు మండుతుంది. "మామయ్యా, మీది గంటసేపు ఏం జరగని సంగీతం" అంటాడు వాడు. ఏం జరగకపోవడమే దాని గొప్ప అని నేను. మొన్న సంక్రాంతికి పేకాట ఆపి మరీ దీని మీద కొట్టుకున్నాం, మా అక్క ఇద్దరికీ కాఫీ ఇవ్వనంది. అయితే ఒకటి ఒప్పుకోవాలి, ఆ డ్రాపుల పాటలతో మొదలుపెట్టాకే వాడు ఇటొచ్చాడు, వాడు ఇవ్వబట్టే నేనూ విన్నాను.

ఆసక్తి ఉన్న పాఠకులు జర్మనీ సంగీత బృందం క్రాఫ్ట్‌వర్క్‌తో మొదలుపెట్టండి. 1974లో కారు రోడ్డు మీద ఒక పాట చేశారు, ఇరవై రెండు నిమిషాలు, తాడేపల్లిగూడెం నుంచి భీమవరం వచ్చే బస్సులో కిటికీ పక్కన కూర్చుని వింటే బాగుంటుంది. తర్వాత చికాగో హౌస్, ఆ పైన డెట్రాయిట్. ఫోను స్పీకర్లో మాత్రం వద్దు, ఆ రేకు చప్పుడులో బేస్ వినబడదు, అసలు పాటంతా అందులోనే ఉంటుంది. మీ ఆదివారం సంచికలో సినిమా పాటలకిచ్చే చోట్లో నెలకొకసారి నాలుగు వేళ్ల జాగా దీనికీ ఇస్తే, రాసేవాళ్లు మా వైపే ఇద్దరు ముగ్గురున్నారు.

ఇంతకీ మా బావకి ఆ రికార్డులోని మాల్కోస్ వినిపించాను, అంటే మన హిందోళం. ఇయర్‌ఫోన్స్ పెట్టుకోవడం రాక తిరగేసి పెట్టుకున్నాడు. కళ్లు మూసుకుని మోకాలి మీద వేలితో ఏదో లెక్కేసుకుంటూ ఆసాంతం విన్నాడు. తీసేసి, "హిందోళమేరా, రిషభం పంచమం ఎక్కడా తగల్లేదు, మనిషి మంచి పనివాడే" అన్నాడు. నేను గెలిచాననుకున్నా. "ఆ వెనకాల టకటకలు మాత్రం ఆపమని చెప్పకూడదూ" అన్నాడు.

ఇట్లు,
ఒక చెరువు రైతు,
ఉండి మండలం, పశ్చిమ గోదావరి జిల్లా