చార్జి అప్పగింత జాబితాలో వెబ్‌సైట్‌కు ఒక వరుస ఇవ్వండి

రాష్ట్ర మానవ వనరుల అభివృద్ధి, ఐటీ శాఖల మంత్రి గారికి,

నమస్కారం. తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లోని కళాశాలలకు వెబ్‌సైట్లు తయారుచేసి ఇవ్వడం నా వృత్తి. విద్య, ఐటీ రెండు శాఖలూ మీ దగ్గరే ఉన్నాయి కనుక, ‘అది మా పరిధి కాదు’ అనే జవాబు ఈసారి రాదన్న ధైర్యంతో రాస్తున్నాను.

ప్రిన్సిపాల్ బదిలీ అయితే క్యాష్ బుక్కు, చెక్కు పుస్తకం, స్టాకు రిజిస్టరు, బీరువా తాళాలు లెక్కపెట్టి మరీ అప్పగిస్తారు. వెబ్‌సైట్ పాస్‌వర్డ్ మాత్రం ఎవరికీ గుర్తురాదు. చాలాచోట్ల అది కంప్యూటర్ సైన్స్ లెక్చరర్ సొంత ఈమెయిల్‌లో ఉంటుంది. ఆయనకు అది జీతం లేని అదనపు పని. ఆయన కూడా వెళ్లిపోయాక, వచ్చినవారు కొత్త వెబ్‌సైట్‌కు కొటేషన్లు పిలుస్తారు. నావంటివారికి గిరాకీయే, కాదనను. కానీ పాతది ఎక్కడికీ పోదు. గూగుల్‌లో వెతికే విద్యార్థికి పాత ఫీజులు, పాత తేదీలే ముందు కనిపిస్తాయి.

డొమైన్, అంటే వెబ్‌సైట్ చిరునామాగా వాడే పేరు, దాని సంగతి ఇంకా అధ్వానం. ఏసీ.ఇన్, ఈడీయూ.ఇన్‌తో ముగిసే పేర్లను కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎర్నెట్ ఇండియా విద్యాసంస్థలకే, పత్రాలు పరిశీలించి ఇస్తుంది. ఆ పత్రాలు సమర్పించే ఓపిక లేనిచోట కాంట్రాక్టరు తన పేరు మీదే ఒక డాట్ కామ్ కొనేస్తాడు. గడువు తీరాక డబ్బు కట్టేవారు లేకపోతే ఆ పేరు మళ్లీ అమ్మకానికి వస్తుంది. జూదం ప్రకటనలు నడిపేవారు దాన్ని కొనుక్కున్నా, కళాశాల ప్రాస్పెక్టస్ మీద అచ్చయిన చిరునామా అదే!

ఇక లోపలి సరుకు. కళాశాలల నాణ్యతను మదింపు చేసే న్యాక్ పరిశీలన ఉందంటే వార్షిక నాణ్యతా నివేదికలు, సమావేశాల మినిట్స్, మొక్కలు నాటిన ఫొటోలు రాత్రికి రాత్రి ఎక్కుతాయి. నివేదికలు ఉండవలసినవే. అయితే పరీక్ష ఫీజు చివరి తేదీ కోసం పలమనేరు నుంచి ఫోనులో వెతికే అమ్మాయికి దొరికేది పక్కకు తిరిగిన ఒక స్కాన్ కాగితం. సంతకం, గుండ్రటి ముద్ర లేనిదే నోటీసు చెల్లదన్న భయం మన కార్యాలయాలది. అందుకే కంప్యూటర్‌లో టైపు చేసినదాన్ని అచ్చు తీసి, సంతకం చేయించి, ఫొటో తీసి తిరిగి కంప్యూటర్‌లోకి ఎక్కిస్తారు. అక్షరాలు బొమ్మగా మారిపోతాయి. వెతికితే దొరకవు. చూపులేని విద్యార్థికి ఫోను వాటిని సరిగా చదివి వినిపించలేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం, 2023లో కేంద్రం కొత్తగా ఇచ్చిన ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాలు ఇలాంటి అడ్డంకులు ఉండకూడదనే చెబుతున్నాయి. సంతకం ఉన్న ప్రతిని ఫైలులో భద్రపరిచి, అదే సమాచారాన్ని పేజీలో తెలుగు అక్షరాలుగా పెట్టడం పెద్ద పనేమీ కాదు.

ఫలితాల రోజు సర్వర్ మొరాయించడం మరో ముచ్చట. వేలమంది ఒకేసారి అడిగినప్పుడు ఒక్కొక్కరి కోసం డేటాబేస్‌ను తిరగేయించడంతోనే వస్తుంది చిక్కు. పేజీలను ముందురోజే సిద్ధం చేసి, ఆ రెండు రోజులకు పెద్ద సర్వర్‌ను అద్దెకు తీసుకుంటే సరిపోతుంది.

రాష్ట్రమంతటికీ ఒకే పోర్టల్ అనే ప్రతిపాదన మీ బల్ల మీదకు వస్తే దయచేసి ఒప్పుకోకండి. ఇక్కడ పరీక్ష వాయిదా పడితే ఆ ముక్క మార్చడానికి విజయవాడ అనుమతి కోసం ఎదురుచూడాల్సి వస్తుంది.

నేను అడిగేది చిన్న ఉత్తర్వు. డొమైన్, హోస్టింగ్ (వెబ్‌సైట్‌ను ఉంచే సర్వర్ చోటు) కళాశాల పేరు మీదే ఉండాలి. వాటి వివరాలు చార్జి అప్పగింత జాబితాలో చేరాలి. టెండరులో తయారీ ఖర్చుతో పాటు కనీసం మూడేళ్ల నిర్వహణ ఖర్చు విడిగా చూపాలి. రోజూ నోటీసులు పెట్టే ఉద్యోగికి టైంటేబుల్‌లో ఆ గంటలు కేటాయించాలి. వచ్చే ప్రవేశాల లోపే ఈ ఉత్తర్వు వెలువడాలని కోరుతున్నాను.

ఇట్లు,
తిరుపతి నుంచి ఒక వెబ్‌సైట్ల పనివాడు