తెలుసు అంకుల్!

సంపాదకునికి,

అయ్యా,

మొన్న ఆదివారం ఆర్‌కే బీచ్‌లో ఒక కుర్రాడు గిటార్‌పై బ్రిటిష్ రాక్ బ్యాండ్ డైర్ స్ట్రెయిట్స్ పాట వాయిస్తుంటే అక్కడే ఆగిపోయాను. వాళ్ల 1985 ఆల్బమ్ క్యాసెట్‌ని ఏవీఎన్ కాలేజీ రోజుల్లో పెన్సిల్‌తో టేపు చుట్టుకుంటూ అరగదీసినవాణ్ణి మరి. ఆ బ్యాండ్ గాయకుడు, గిటారిస్టు మార్క్ నాఫ్లర్‌ది ఎడమచేతి వాటం, పట్టింది మాత్రం కుడిచేతి గిటార్. పిక్ (తీగలు మీటే చిన్న బిళ్ల) జోలికి పెద్దగా పోడు, వేళ్లతోనే మీటుతాడు. అందుకేనేమో, అతని గిటార్ పక్కన కూర్చుని నెమ్మదిగా మాట్లాడుతున్నట్టు ఉంటుంది. 2024లో వందకు పైగా గిటార్లు వేలం వేసి, వచ్చిన డబ్బులో పావు వంతు సేవాసంస్థలకు ఇచ్చాడు. ఇవన్నీ ఆ కుర్రాడికి చెప్పబోతే 'తెలుసు అంకుల్' అనేశాడు! మీ ఆదివారం అనుబంధంలో ఇలాంటి పాత రాక్ కళాకారులకూ అర పేజీ కేటాయించగలరు.

– ఒక పాఠకుడు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం