సీడీలు తూకానికి వేసే ముందు ఒక్క మాట

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో పండగకి ఇల్లు సర్దుకోవడం మీద వచ్చిన వ్యాసం చదివాను. మిగతాదంతా బాగానే ఉంది గానీ, పాటలన్నీ ఇప్పుడు ఫోన్లోనే దొరుకుతున్నాయి కాబట్టి పాత సీడీలు తీసి పారేయండి అని ఒక మాట రాశారు చూడండి, అది చదివాక ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను. మూడేళ్ల కిందట నేనూ ఇంచుమించు అలాగే అనుకుని ఒక పని చేశాను. దాన్ని ఇప్పటికీ పూర్తిగా సరిదిద్దుకోలేకపోయాను.

మా నాన్నగారు రైల్వేలో పనిచేశారు. పాసు ఉండేది, సంగీతమంటే ప్రాణం, అందుకని ఏటా డిసెంబరు చివర్లో చెన్నై కచేరీలకి వెళ్లొచ్చేవారు. వచ్చేటప్పుడు సంచిలో బట్టల మధ్య నాలుగైదు సీడీలు ఉండేవి. ఆకాశవాణి వాళ్లు తమ దగ్గరున్న పాత రికార్డింగులని సీడీలుగా తెచ్చినప్పుడు అవీ కొన్నారు. అలా మొత్తం 212 పోగయ్యాయి. ప్రతి సీడీ లోపలి కాగితం మీద కొన్న తేదీ పెన్సిల్‌తో రాసేవారు. కొన్నిటి మీద "మూడోది మోహన, రాత్రి పూట వినాలి" లాంటి మాటలు కూడా ఉంటాయి.

ఆయన పోయాక ప్లేయరు కూడా పాడైపోయింది. అమ్మకి సాయంత్రం దీపం పెట్టాక కాసేపు వీణ వినడం అలవాటు. పెన్‌డ్రైవ్ పెట్టుకునే చిన్న స్పీకరు ఒకటి కొనిచ్చి, మా ఊళ్లో పాటలు ఎక్కించే ఒక షాపులో 40 సీడీలు ఇచ్చాను, సీడీకి 20 రూపాయలు. రెండు రోజుల్లో ఇచ్చేశారు. ఇంటికి తెచ్చి పెట్టిన పది నిమిషాలకి అమ్మ అన్నది ఒకటే మాట: "తాళం తప్పుతోందేమిటే?"

నిజంగానే తప్పుతోంది. కచేరీ సీడీల్లో రాగం ఒక ట్రాకు, తానం ఒక ట్రాకు, పల్లవి ఇంకో ట్రాకుగా విడగొడతారు, కానీ అసలు సీడీలో ట్రాకు మారినా శబ్దం ఎక్కడా ఆగదు, తంబురా శ్రుతి అలా సాగిపోతూనే ఉంటుంది. ఎంపీ3గా మార్చినప్పుడు ప్రతి ఫైలు మొదట్లోనూ చివర్లోనూ రెప్పపాటు నిశ్శబ్దం చేరుతుంది, దాన్ని తీసేసి వాయించే తెలివి ఆ చిన్న స్పీకరుకి లేదు. పల్లవి సాగుతూ, తాళవాద్యాలు మాత్రమే వాయించే తని ఆవర్తనంలోకి వెళ్లే చోట శ్రుతి తెగి మళ్లీ అతుక్కుంటుంది. సంగీతం వచ్చినవాళ్లకి అది అన్నంలో రాయి తగిలినట్టే.

తర్వాత చూస్తే అన్నీ 128 కేబీపీఎస్, అంటే సెకనుకి 128 కిలోబిట్ల ఫైళ్లు. సీడీ మీద ఉన్న శబ్దం సెకనుకి 44,100 నమూనాలు, ఒక్కోటి 16 బిట్లు, రెండు ఛానెళ్లు, అంటే సెకనుకి 1,411 కిలోబిట్లు. అందులో పదకొండో వంతు మాత్రం ఉంచి, చెవికి ఆనదులే అనుకున్నదంతా తీసేశారన్నమాట. మృదంగం మీద పడే దెబ్బలో ఆ పదును పోయింది, తాళాల చప్పుడు నీళ్లలోంచి విన్నట్టు ఉంది. పేర్లయితే సరేసరి, ట్రాక్ 01, ట్రాక్ 02.

ఇంతవరకు సర్దుకోవచ్చు, సీడీలు నా దగ్గరే ఉన్నాయి కదా, మళ్లీ చేసుకోవచ్చు అనుకున్నాను. కానీ ఆ షాపులో డిస్కులు కలిసిపోకుండా ఒక్కోదాని మీదా బాల్‌పెన్నుతో నంబరు వేశారు, అదీ బొమ్మ ఉన్న వైపు, గట్టిగా అదిమి. చాలామందికి తెలియనిది ఇక్కడ చెప్పాలి. మనం మెరిసే వైపు గీతలు పడితేనే సీడీ పాడవుతుందనుకుంటాం. ఆ వైపు మిల్లీమీటరు పైన మందంగా ప్లాస్టిక్ ఉంటుంది, చిన్న గీతల్ని తట్టుకుంటుంది. పాటని మోసే అల్యూమినియం పొర ఉండేది బొమ్మ వైపే, దాని మీద పల్చటి వార్నిష్, రంగు, అంతే. మా వీణ కచేరీ సీడీ ఒకటి, రెండు డిస్కులది, అందులో రెండో డిస్కుని లైటుకి ఎదురుగా పట్టుకుంటే వాళ్లు వేసిన 17లో ఏడు కింది కాలు దగ్గర సన్నటి గీతలోంచి వెలుతురు వస్తోంది. పొర చిరిగిపోయింది. అక్కడున్న పాట ఇక లేదు.

అప్పట్నుంచి ఈ పని నేనే నేర్చుకున్నాను. 1,900 రూపాయలు పెట్టి యూఎస్‌బీకి తగిలించే డీవీడీ డ్రైవు కొన్నాను, ఎందుకంటే ఇప్పటి ల్యాప్‌టాపుల్లో డ్రైవు ఉండటం లేదు. ఎనిమిది నెలలు, రోజూ రాత్రి ఒకటో రెండో. దీన్ని పెద్ద విద్య అనుకోనక్కర్లేదు, కానీ ఒక్క విషయం అర్థం చేసుకుంటే తప్ప సరిగ్గా రాదు.

ఫైళ్లున్న సీడీని కాపీ చేస్తుంటే ఎక్కడైనా చదవలేకపోతే కంప్యూటరు ఆగిపోయి కాపీ కాలేదని చెప్పేస్తుంది. పాటల సీడీకి అలా కాదు. శబ్దాన్ని సెకనుకి 75 ముక్కలుగా పెడతారు, ఒక్కో ముక్కలో 2,352 బైట్లూ శబ్దమే. అదే ఫైళ్ల సీడీలో అంతే ముక్కకి 2,048 బైట్లే సరుకు, మిగతాది ఎక్కువగా తప్పులు పట్టుకుని దిద్దుకోవడానికి. పాటల సీడీకీ తప్పులు దిద్దుకునే ఏర్పాటు లేకపోలేదు, ట్రాకు దారిలో దాదాపు రెండున్నర మిల్లీమీటర్ల మేర పోయినా తిరిగి కట్టుకోగలదు, కానీ దానికీ మించిపోతే డ్రైవు అటూ ఇటూ ఉన్న శబ్దాన్ని బట్టి ఊహించి ఒక అతుకు వేసేసి ఏమీ జరగనట్టు ముందుకు పోతుంది. మీకు చెప్పదు. అందుకే షాపుల్లో టకటకా ఎక్కించి ఇచ్చేవాటిలో ఎక్కడ ఏం పోయిందో ఎవరికీ తెలియదు.

దీనికి విండోస్‌లో ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అని ఉచితంగా దొరికే ప్రోగ్రాం ఉంది, మాక్‌లో ఎక్స్‌ఎల్‌డీ, లినక్స్‌లో సీడీపారనోయా. ఇవి ఒక్కసారి చదివి నమ్మేయవు, మళ్లీ చదివి పోల్చి చూస్తాయి. నేను వాడేది మొదటిదే. అందులో సెక్యూర్ మోడ్ పెట్టుకుంటే, తేడా వచ్చిన చోట ఎర్ర గడులు వెలుగుతాయి, అక్కడే ఆగి అదే ముక్కని 16 సార్ల చొప్పున మళ్లీ మళ్లీ చదువుతుంది, డ్రైవు గురగురలాడుతూ నెమ్మదిస్తుంది. మంచి డిస్కు పావుగంటలో అయిపోతే దెబ్బతిన్న డిస్కు రాత్రంతా తీసుకోవచ్చు. కంగారుపడి ఆపేయకండి. దానికంటే ముందు డిస్కుని గోరువెచ్చని నీళ్లలో ఒక చుక్క సబ్బు వేసి కడిగి, మెత్తటి పాత పంచె ముక్కతో మధ్యలోంచి అంచు వైపు తుడవండి. గుండ్రంగా తుడవకూడదు, ట్రాకు గుండ్రంగానే తిరుగుతుంది కాబట్టి గుండ్రటి గీత పడితే దాని పొడవునా పాట పోతుంది, అడ్డగీత అయితే దాటేసి పోగలదు. టూత్‌పేస్టు రుద్దమని చెప్పేవాళ్ల మాట వినకండి.

ఇంకో సదుపాయం, యాక్యురేట్‌రిప్ అని. ప్రపంచంలో ఎక్కడో మరొకరు అదే సీడీని రిప్ చేసి, అంటే కంప్యూటర్లోకి తీసి ఉంటే వాళ్లకొచ్చిన లెక్క (శబ్దమంతా కలిపి ప్రోగ్రాం కట్టే ఒక అంకె), మనకొచ్చిన లెక్క సరిపోయిందో లేదో చూసి చెబుతుంది. ఇంగ్లిష్ పాటల సీడీ పెడితే వందలమందితో సరిపోయిందని వస్తుంది. మా నాన్నగారి 212లో అలా దొరికినవి 31. వాటిలో తెలుగు లలిత గీతాలు, పద్యాలు, హరికథలు అయితే అసలు లేనే లేవు. ఇది నన్ను బాగా బాధపెట్టింది. మన సీడీలు ఇంకెవరూ ఇంత జాగ్రత్తగా తీసి ఉంచలేదేమో అనిపించింది. అలాంటప్పుడు టెస్ట్ అండ్ కాపీ అనే పద్ధతి ఉంది, రెండుసార్లు చదివి రెండు లెక్కలూ పక్కపక్కన చూపిస్తుంది. రెండూ ఒకటైతే ధైర్యంగా పడుకోవచ్చు. ఇంకా అనుమానం ఉంటే వేరే డ్రైవులో పెట్టి చూస్తాను, మా పక్కింటి వాళ్ల పాత డెస్క్‌టాప్‌లో ఉన్న డ్రైవు నాది చదవలేని రెండు డిస్కులు చదివేసింది.

దాచుకునేది ఫ్లాక్ అనే రకం ఫైళ్లలో దాచుకోండి. సీడీ మీద ఉన్నది ఒక్క బిట్టు పోకుండా, సైజు మాత్రం సగానికి కాస్త అటూఇటూగా తగ్గించి పెడుతుంది. గంట సీడీ 300 ఎంబీ పైచిలుకు వస్తుంది, మా 212కీ 70 జీబీ అయింది, ఈ రోజుల్లో అది ఒక మెమరీ కార్డు. పైగా ఫ్లాక్ ఫైలు తన శబ్దపు వేలిముద్ర తనలోనే దాచుకుంటుంది, పదేళ్ల తర్వాత హార్డ్ డిస్కులో చెడిపోతే పరీక్ష పెట్టి తెలుసుకోవచ్చు. బ్లూటూత్‌లో వింటే ఈ తేడా ఏం తెలుస్తుందని మా తమ్ముడు వాదించాడు. బ్లూటూత్ స్పీకర్లు ఎక్కువ భాగం శబ్దాన్ని మళ్లీ కుదించే వాయిస్తాయి, ఆ మాట ఒప్పుకుంటాను. కానీ ఫ్లాక్ నుంచి ఎప్పుడు కావాలంటే అప్పుడు ఎంపీ3 తీసుకోవచ్చు, ఎంపీ3 నుంచి వెనక్కి రాలేం. పాలు తోడుపెడితే పెరుగవుతుంది, పెరుగు మళ్లీ పాలు కాదు. కొందరు ఎంపీ3నే ఫ్లాక్‌గా మార్చి అమ్ముతున్నారు కూడా, స్పెక్ అనే చిన్న ప్రోగ్రాంలో తెరిచి చూడండి, శబ్దం ఎంత పైస్థాయి దాకా ఉందో బొమ్మగా చూపిస్తుంది, సీడీ నుంచి నేరుగా తీసిందైతే బొమ్మ 22 కిలోహెర్ట్జ్ దాకా పోతుంది, 128 ఎంపీ3 నుంచి వచ్చిందైతే 16 దగ్గర కత్తితో కోసినట్టు ఆగిపోతుంది. పాత మోనో రికార్డింగులకి ఈ పరీక్ష పనికిరాదు, వాటిలో పైస్థాయి శబ్దం మొదటినుంచీ తక్కువే. అలాగే 24 బిట్లలో తీస్తే ఇంకా బాగుంటుందని ఎవరైనా అంటే నమ్మకండి, డిస్కు మీద ఉన్నదే 16.

ఇక పేర్ల సంగతి. నాకు అన్నిటికంటే ఎక్కువ టైం పట్టింది ఇక్కడే. మన సీడీల వివరాలు నెట్‌లో ఉంటే తప్పులతో ఉంటాయి, లేకపోతే అసలే ఉండవు. రాగం, తాళం, వాగ్గేయకారుడు, పక్కవాద్యాలు, అన్నీ లోపలి కాగితం చూసి తెలుగులోనే టైపు చేశాను. ఈ కాగితం విలువ మీరు ఊహించలేరు. ఫోన్లో పాటల యాప్ తెరిచి ఒక కచేరీ పెట్టండి, గాయకుడి పేరు ఉంటుంది, వయొలిన్ ఎవరో, మృదంగం ఎవరో, ఘటం ఎవరో చాలాసార్లు ఉండదు. నలభై ఏళ్లు పక్కన కూర్చుని వాయించిన మనిషి పేరు ఆ చీమంత అక్షరాల కాగితం మీద తప్ప ఎక్కడా లేకపోతే, ఆ కాగితాన్ని చెత్తబుట్టలో వేయమని ఎలా చెబుతారండీ? నేను ప్రతి కాగితాన్నీ రెండు వైపులా స్కాన్ చేసి అదే ఫోల్డరులో పెట్టాను, నాన్నగారి పెన్సిల్ రాతలతో సహా. మ్యూజిక్‌బ్రెయిన్జ్ అని ఎవరైనా వివరాలు చేర్చగలిగే జాబితా ఒకటి ఉంది, మనవాళ్లు తలా పది సీడీల వివరాలు అందులో తెలుగు లిపిలో పెడితే తర్వాత వచ్చేవాళ్లకి ఈ శ్రమ ఉండదు.

ఫోన్లో అన్నీ దొరుకుతాయన్న మాటకీ జవాబు చెప్పాలి. నిరుడు ఇష్టపడి జాబితాలో పెట్టుకున్న మూడు కచేరీలు ఇప్పుడు ఆ యాప్‌లో లేవు, బూడిదరంగు గీతలు మిగిలాయి. కంపెనీకీ యాప్‌కీ ఒప్పందం అయిపోతే పాట వెళ్లిపోతుంది, మనం నెలనెలా కట్టే డబ్బు వినడానికే, ఉంచుకోవడానికి కాదు.

ఇది దొంగతనం కాదా అని అడిగిన బంధువులున్నారు. 1957 కాపీరైటు చట్టంలో 52వ సెక్షను, 2012 సవరణ తర్వాత, సొంత వాడకం కోసం న్యాయంగా చేసుకునేదాన్ని ఉల్లంఘన కాదంటుంది, అందుకోసం ఎలక్ట్రానిక్ రూపంలో దాచుకోవడాన్ని కూడా. డబ్బిచ్చి కొన్న సీడీని ఇంట్లో వినడానికి కాపీ చేసుకోవడం వేరు, దాన్ని పదిమందికి పంచడం, నెట్‌లో ఎక్కించడం, అమ్ముకోవడం వేరు. రెండోది నేను చేయను, ఎవరినీ చేయమని చెప్పను. సీడీలు కూడా ఎవరికీ ఇచ్చేయలేదు, కాపీ పాడైతే మళ్లీ వాటి దగ్గరికే వెళ్లాలి కదా. ఒక కాపీ నా దగ్గర, ఒకటి హైదరాబాద్‌లో తమ్ముడి ఇంట్లో.

ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కూడా కడుతున్నాం, శాఖా గ్రంథాలయాల్లో కంప్యూటర్లు కూడా ఉన్నచోట ఉన్నాయి. ఒక్కో డ్రైవు, ఒక స్కానరు పెట్టి, ఎవరి సీడీలు వాళ్లు తెచ్చుకుని ఎక్కించుకునేలా వారానికి ఒక పూట కేటాయిస్తే పెద్ద ఖర్చేం కాదు. పెద్దవాళ్లకి పక్కనుండి చూపించడానికి నాలాంటి వాళ్లం వస్తాం, డబ్బులు అక్కర్లేదు. ఇంట్లో రాసుకున్న సీడీలు, అంటే పెళ్లి పాటలు, అమ్మమ్మ పాడిన మంగళహారతులు రైటర్‌లో ఎక్కించుకున్నవి, ముందు చేయాలి, వాటిలో ఉండేది రంగుపొర, ఎండకీ వేడికీ త్వరగా చెడిపోతుంది. మా ఇంట్లో అలాంటివి పదకొండు ఉంటే నాలుగు ఇప్పటికే చదవడం లేదు.

చివరగా నా సొంత విన్నపం ఒకటి. పెన్ను పోటు పడ్డ ఆ వీణ డిస్కులో ఐదో ట్రాకు, తానం, సరిగ్గా మధ్యలో 11 సెకన్లు పోయింది. రెండు డ్రైవుల్లోనూ, ఎన్ని రాత్రులు తిప్పినా రాలేదు. ఆ సీడీ ఇప్పుడు మార్కెట్లో లేదు, యాప్‌లో ఉన్నది మొదటి డిస్కు మాత్రమే. ఆ సీడీ పేరు, నా ఫోన్ నంబరు మీ కార్యాలయానికి వేరే కాగితం మీద రాసి పంపాను. అది తమ దగ్గర ఉందేమో చూసుకోవడానికి ఎవరైనా అడిగితే దయచేసి చెప్పండి. డిస్కు నాకు ఇవ్వనక్కర్లేదు, నేనే డ్రైవు పట్టుకుని వాళ్లింటికి వస్తాను, అరగంట చాలు.

ఇట్లు,
ఒక పాఠకురాలు, తెనాలి