నడవలో దీపానికి సెన్సారు

బ్రాడీపేట, గుంటూరు

చి. సౌ. అమ్మాయికి అమ్మ ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం.

నువ్వు పంపిన మూడు మోషన్ సెన్సార్ల వివరాలూ రెండుసార్లు చదివాను. రాత్రివేళ మీ నాయనమ్మ లేచినప్పుడు పడకగది నుంచి బాత్‌రూమ్ దాకా నడవలో దీపం దానంతటదే వెలగాలి, అంతే మన అవసరం. మూడు పెట్టెల మీదా బ్యాటరీ ఇన్నేళ్లు వస్తుందని పెద్ద అక్షరాలతో వేశారు గానీ, రోజుకు ఎన్నిసార్లు మనుషులు తిరిగితే అన్నేళ్లు వస్తుందో, ఎంత వేడిలో వస్తుందో ఒక్కదాని మీదా లేదు. కిందటేడు మీ నాన్నగారు తెచ్చిన వైఫై సెన్సారు పెట్టె మీద కూడా ఏడాది అనే ఉంది. నాలుగు నెలలకే ఆగిపోయింది. ఆ సంగతి చెబుతూ ఫోనుకు ఏ కబురూ రాలేదు. తెల్లవారుజామున నాయనమ్మ గోడ తడుముకుంటూ వచ్చి "దీపం రాలేదేమే" అని నన్ను లేపితే తెలిసింది. మూత తీసి చూస్తే ఒక సెల్లు అడుగున తెల్లటి పొడి ఉప్పులా పేరుకొని స్ప్రింగును తినేసింది.

అందుచేత నీ జాబితాలో మొదటిదాన్ని, అంటే వైఫైదాన్ని, ముందే పక్కన పెట్టేయి. వైఫై రేడియో నిద్ర లేచి, రౌటరుతో సంబంధం కలుపుకొని, కబురు అందించేలోగా 100 మిల్లీ ఆంపియర్లకు పైగా లాగుతుంది, ఆ తంతుకు సెకను రెండు సెకన్లు పడుతుంది. జిగ్బీ అంటే ఇంటి పరికరాలు కొద్దిపాటి కరెంటుతో ఒకదానితో ఒకటి మాట్లాడుకునే వైర్‌లెస్ పద్ధతి. ఆ రేడియో వైఫై కన్నా చాలా తక్కువ కరెంటుతో, కొద్ది మిల్లీ సెకన్లలో అదే మాట చెప్పి మళ్లీ పడుకుంటుంది.

మిగిలిన రెండూ జిగ్బీవే. వాటిలో ఒకదానికి సీఆర్ 2032 అనే బిళ్ల బ్యాటరీ, రెండోదానికి సీఆర్ 2450 బిళ్ల. ఆ అంకెల్లోనే ఇంచుమించుగా కొలతలున్నాయి: మొదటిది 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మందం, రెండోది 24.5 వెడల్పు, 5 మందం. చిన్నదానిలో కరెంటు నిల్వ సుమారు 220 మిల్లీ ఆంపియర్ అవర్లుంటే పెద్దదానిలో 600 దాకా ఉంటాయి. సెన్సారు సగటున 10 మైక్రో ఆంపియర్లు వాడుకుంటుందనుకుంటే రోజుకు 0.24 మిల్లీ ఆంపియర్ అవర్లు ఖర్చవుతాయి, అప్పుడు 600 ఉన్న బిళ్ల కాగితం మీద ఆరున్నరేళ్లకు పైగా వస్తుంది, 220 ఉన్నది రెండున్నరేళ్లు. ముప్పై ఏళ్లు ఫిజిక్స్ చెప్పినదాన్ని కనుక కాగితం మీది లెక్కను నేనే పూర్తిగా నమ్మను, అయినా రెండింటి మధ్య నిష్పత్తి మాత్రం ఎక్కడికీ పోదు. నాన్నగారు చిన్నది ముచ్చటగా ఉందంటున్నారు. చీకట్లో దాని ముచ్చట ఎవరు చూస్తారు?

ఇక మన ఊరి ఎండ సంగతి. ఈ సెన్సారు కదలికను కంటితో చూసినట్టు చూడదు. మన ఒంటి నుంచి వెలువడే పరారుణ కిరణాలకూ, వెనకనున్న గోడ నుంచి వచ్చేవాటికీ ఉన్న తేడా దాని ముందు అడ్డంగా కదిలితేనే దానికి తెలుస్తుంది. మే నెలలో మేడ మీది గది శ్లాబు పగలంతా కాలి, రాత్రి పది దాటినా గోడ మీద చెయ్యి పెడితే వెచ్చగానే ఉంటుంది కదా. గోడా ఒళ్లూ ఇంచుమించు ఒకే వేడిలో ఉన్నప్పుడు దానికి మనిషి ఆనవాలు చిక్కదు. ఆ పాత సెన్సారు పనిచేస్తున్న రోజుల్లోనే ఒక మే రాత్రి నేను దాని ముందు మూడుసార్లు అటూ ఇటూ నడిస్తే మూడోసారికి గానీ దీపం రాలేదు. అందుకని దీన్ని కింది నడవలోనే, పడమటి గోడకు కాకుండా, నాయనమ్మ నేరుగా దానివైపు నడిచి రాకుండా దాని ముందునుంచి అడ్డంగా దాటేటట్టు బిగించాలి. ట్యూబ్‌లైటు పక్కన అసలు వద్దు. అక్కడ పురుగుల కోసం బల్లులు చేరతాయి. ఒక బల్లి ఆ తెల్లటి లెన్సు మీదికి పాకితే చాలు, రాత్రంతా దీపం వెలుగుతూ ఆరుతూ ఉంటుంది, బ్యాటరీ ఖర్చు మనది.

హబ్బును, అంటే సెన్సారు పంపే కబురు అందుకొని దీపాన్ని వెలిగించే పెట్టెను, హాల్లో ఇన్వర్టరు లైను మీద పెడదాం, నడవ దీపం కూడా ఆ లైనుదే కావాలి. లేకపోతే కరెంటు పోయిన రాత్రి సెన్సారులో బ్యాటరీ నిండుగా ఉండీ ప్రయోజనం లేదు. హాలుకూ నడవకూ మధ్య రెండు గోడలున్నాయి. కబురు అందకపోతే సెన్సారు మళ్లీ మళ్లీ పంపుతూ బిళ్లను తినేస్తుంది కాబట్టి, మధ్యలో భోజనాల గది సాకెట్టుకు ఒక జిగ్బీ ప్లగ్గు పెడితే అది కబురును అందుకొని ముందుకు పంపుతుంది. బ్యాటరీతో నడిచే పరికరాలు ఆ పని చేయవు.

పూజగదికి కూడా ఒకటి అన్నావు, అక్కడ వద్దు. నాయనమ్మ జపానికి కూర్చుంటే అరగంట కదలరు, మనిషి లేరనుకొని ఇది దీపం ఆర్పేస్తుంది. కదలకుండా కూర్చున్నవారిని కూడా పసిగట్టే రాడార్ రకాలున్నాయి గానీ వాటికి కరెంటు ఎక్కువ కావాలి, సాధారణంగా ప్లగ్గుకే పెట్టాలి. పూజగదికి స్విచ్చే చాలు.

ఇంకొక్క సంగతి. లిథియం బిళ్ల వోల్టేజి చివరిదాకా దాదాపు ఒకే తీరుగా ఉండి ఒక్కసారిగా పడిపోతుంది, అందువల్ల ఫోనులో కనిపించే శాతం మీద నాకు గురి లేదు. బిళ్ల వేసిన తేదీ మూత లోపల చిన్న చీటీ మీద రాసి అంటిస్తాను, అయిపోయినా కాకపోయినా రెండేళ్లకొకసారి ఉగాదికి మార్చేస్తాను. వాచీలు బాగుచేసే అబ్బాయి దగ్గర 2032 ఎప్పుడూ ఉంటుంది గానీ 2450 చెప్పి తెప్పించుకోవాలట, కాబట్టి సెన్సారుతోపాటు రెండు బిళ్లలు అదనంగా కొను. వాటిని బాబుకు అందకుండా దాచి మరీ తీసుకురా. పసివాళ్లు మింగితే గొంతులో ఇరుక్కొని గంటల్లోనే లోపల కాలుస్తాయి. నువ్వు ఎంచుకున్నదాని మూతకు స్క్రూ ఉందో, గోరుతో ఊడి వచ్చేదో కూడా చూసి, స్క్రూ ఉంటేనే ఆర్డరు పెట్టు.

దసరాకు మీరు వచ్చేలోపు ఎలక్ట్రీషియన్ చేత నడవ దీపాన్ని ఇన్వర్టరు లైనుకు మార్పించి ఉంచుతాను.

ఇట్లు,
అమ్మ