గైడ్ రాలేదు సరే, జవాబు కూడా రాదా?

ట్రావెల్ ఏజెన్సీ మేనేజర్ గారికి,

నమస్కారం. ఈ ఉత్తరం మీ దాకా వస్తుందన్న నమ్మకం లేదు. మీ కస్టమర్ కేర్‌లో ఏదీ పైకి వెళ్లదని ఈపాటికి అర్థమైంది.

స్కాట్లాండ్ సరిహద్దు ప్రాంతంలో ఈల్డన్ కొండలు ఎక్కించడానికి మీరు పంపిస్తానన్న గైడ్ రాలేదు. ఎడిన్‌బరో నుంచి రైల్లో ట్వీడ్‌బ్యాంక్‌లో దిగి, మెల్‌రోజ్ అబ్బే (పాత క్రైస్తవ మఠం) గేటు దగ్గర వానలో చూసి చూసి, చివరికి మేమే ఎక్కేశాం. ముందు మెట్లు, తర్వాత పొలాల అంచు, ఆ పైన గడ్డి, గాలి, గొర్రెలు. 422 మీటర్ల నడిమి కొండ మీంచి దక్షిణాన చెవియట్ కొండల వరుస కనిపించింది. కొండ మీద నాకే ఫిర్యాదూ లేదు.

మా నాన్నగారు రిటైర్డ్ హిస్టరీ లెక్చరర్. ఉత్తరపు కొండ మీద గడ్డిలో అక్కడక్కడా చదును చేసినట్టున్న చోట్లు చూపించి "ఇవేమిట్రా?" అని అడిగారు. నేను నోరు వెళ్లబెట్టాను. అవి పాతకాలపు కోటలో ఇళ్లు కట్టుకున్న తావులనీ, దాదాపు 300 దాకా ఉన్నాయనీ, అక్కడే రోమన్ల సిగ్నల్ టవర్ ఉండేదనీ హోటల్‌కొచ్చి చదువుకున్నాం. గైడ్ ఉన్నది ఇందుకే కదండీ!

సరే, అదీ వదిలేద్దును. ఫోన్ చేస్తే మొదటి అబ్బాయి "టికెట్ రైజ్ చేశాం సార్" అన్నాడు. ఆ టికెట్ ఏ లోకానికి రైజ్ అయిందో తెలీదు. తర్వాత ఒకమ్మాయి "సిస్టమ్‌లో గైడ్ వచ్చినట్టే ఉంది సార్" అంది. అంటే వానలో నిలబడ్డ మేం అబద్ధం, మీ సిస్టమ్ నిజం. సూపర్‌వైజర్ గారు ఎప్పుడు అడిగినా మీటింగ్‌లోనే ఉంటారు. వాట్సాప్‌లో రాస్తే దణ్ణం బొమ్మ వస్తుంది, ఆ వెంటనే "మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు?" అని లింకు. ఇంకొకాయనైతే "కొండ ఎక్కడానికి టికెట్టే లేదు కదా సార్, రీఫండ్ దేనికి?" అన్నారు. మహానుభావా, అక్కడ కొండలెక్కే హక్కు 2003 చట్టం అందరికీ ఉచితంగానే ఇచ్చింది. నేను డబ్బు కట్టింది కొండకు కాదు, మనిషికి. మీ ఇన్‌వాయిస్‌లో 'గైడ్ చార్జీ' అని విడిగా వేసుకున్నారు కూడా.

మా అమ్మానాన్నల కాశీ యాత్ర మీతోనే. మా చెల్లి హనీమూన్ మీతోనే. కాలనీలో సగంమందికి మీ నంబర్ ఇచ్చింది నేనే. దానికి ప్రతిఫలంగా నిన్న మీరు పంపింది ఊటీ ప్యాకేజీ మీద డిస్కౌంట్ కూపన్!

గైడ్ డబ్బు వెనక్కివ్వాలని వేరే చెప్పక్కర్లేదనుకుంటా. అంతకంటే ముందు, పేరున్న మనిషెవరైనా మా నాన్నగారికి ఫోన్ చేసి ఆ రోజు ఏం జరిగిందో చెప్పాలి. ఈసారి కూడా నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కలుద్దాం. వాట్సాప్ స్క్రీన్‌షాట్లు ప్రింట్ తీయించి ఫైల్లో పెట్టాను, దణ్ణం బొమ్మలతో సహా.

ఇట్లు,
ఇంకా మీ కస్టమరే అయిన ఒకడు