ఇంటర్వ్యూలో క్రాస్ ఉండదమ్మా

గుంటూరు

చిరంజీవి అమ్మలుకి,

నాన్న దీవెనలు. నువ్వు పటియాలా కోచింగ్ కోర్సు నుంచి పంపిన టీవీ ఇంటర్వ్యూ చూశాను. డోప్ టెస్టులో దొరికాడంటున్న ఆ కుర్రాడు, తాగిన పౌడరులోంచే మందు ఒంట్లోకి వచ్చిందన్నాడు, ఏడ్చాడు, వాళ్ళమ్మ ఫొటో చూపించాడు, దేవుడి మీద ఒట్టేశాడు. కింద నువ్వు "నాన్నా, అబద్ధం చెప్పట్లేదు, మొహం చూస్తే తెలియట్లా?" అని రాశావు. తెలియట్లేదమ్మా. మొహం చూసి తేలేదైతే జిల్లా కోర్టులో బెంచి క్లర్కు ఉద్యోగమే ఉండేది కాదు, మనిల్లు గడిచేదీ కాదు.

"పిల్లకి రాసే ఉత్తరంలో కూడా కోర్టు గోలేనా" అంటోంది మీ అమ్మ. నాకు వచ్చింది అదొక్కటే మరి.

కోర్టులో సాక్షి ముందు తన తరఫు వకీలు అడిగినవాటికి జవాబు చెప్తాడు. అది చీఫ్. చీఫ్‌లో తడబడేవాళ్ళు తక్కువ. ఒక దావాలో ఒక పెద్దాయన బాకీ తీర్చేశానని చెప్తుంటే హాల్లో ఎవరూ కదల్లేదు. మిర్చి యార్డులో, కమిషన్ కొట్టు ముందు, బస్తా మీద కూర్చుని నోట్లు లెక్కపెట్టి ఇచ్చానన్నాడు. కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు. అవతలి వకీలు క్రాస్‌కి, అంటే ఎదురు ప్రశ్నలకి లేచి తేదీ ఒక్కటే అడిగాడు. చెప్పాడు. వకీలు యార్డు సెలవుల నోటీసు తీసి జడ్జిగారి ముందు పెట్టాడు. ఎండాకాలం సెలవులు, ఆ రోజు కొట్లే తెరవలేదు. అది దొంగేడుపు అని నేననను. అప్పు బాధ అప్పు బాధే, నిజంగానే ఏడ్చి ఉంటాడు. కానీ డబ్బు ఇచ్చాడా లేదా అన్నది తేల్చింది ఆ నోటీసు.

టీవీ ఇంటర్వ్యూ అంటే ఉత్తి చీఫ్. ఎప్పుడు రావాలో, ఏ ఛానల్‌కి రావాలో చాలాసార్లు వచ్చేవాడే తేల్చుకుంటాడు. యాంకరు చేతిలో ఫైలుండదు. ఉన్నా, గట్టిగా నిలదీస్తే రేపు ఇంకొకడు రాడేమోనని భయం. అసలు జవాబు వచ్చే టైముకి యాడ్స్ సరేసరి.

అమెరికా సైకిల్ రేసుల వీరుడు ఆర్మ్‌స్ట్రాంగ్ సంగతి మీకు క్లాసులో చెప్పే ఉంటారు. 2005లో లారీ కింగ్ షోలో కూర్చుని, చావు అంచుదాకా వెళ్ళొచ్చినవాణ్ణి, మళ్ళీ ఒంట్లోకి మందులెక్కించుకుంటానా అన్న ధోరణిలో మాట్లాడాడు. క్యాన్సర్ గెలిచినవాడు అలా అంటే కాదనే నోరెవరికుంది? అదే ఏడాది బోనస్ డబ్బుల దావాలో ప్రమాణం చేసి మరీ అదే మాట చెప్పాడు. అంటే ఒట్టు కూడా అబద్ధాన్ని ఆపలేదు. ఆపింది 2012 అక్టోబరులో అమెరికా యాంటీ డోపింగ్ సంస్థ బయటపెట్టిన వెయ్యి పేజీల పైచిలుకు ఆధారాలు. 26 మంది సాక్షులు, వాళ్ళలో 11 మంది అతని పాత టీమ్‌మేట్లే. డబ్బు చెల్లింపుల కాగితాలు, ఈమెయిళ్ళు కూడా. ఏడు టూర్ డి ఫ్రాన్స్ టైటిళ్ళూ పోయాక, 2013 జనవరిలో టీవీ యాంకరు ఓప్రా ఎదుట కూర్చున్నాడు.

ఆమె మొదట అవునా కాదా చెప్పమని సూటిగానే అడిగింది. ఎర్ర రక్తకణాలు పెంచే ఈపీఓ మందు? అవును. రక్తం ఎక్కించుకోవడం? అవును. టెస్టోస్టెరాన్? అవును. ఆ పద్ధతి నాకు నచ్చింది. తర్వాత చూడు. 1996లో ఆస్పత్రి గదిలో ఆర్మ్‌స్ట్రాంగ్ తన మందుల సంగతి డాక్టర్లకు చెప్తుంటే విన్నానని ఒక టీమ్‌మేట్ భార్య ఏళ్ళ తరబడి చెప్తూ వచ్చింది. ఆమె చెప్పింది నిజమేనా అంటే, దాని జోలికి పోనన్నాడు. ప్రోగ్రాం ముందుకెళ్ళిపోయింది. మా కోర్టులో అయితే వకీలు అక్కడే కుర్చీ వేసుకుని కూర్చునేవాడు.

ఇంకోటి. 2005 దాకా వాడాను, 2009, 2010లో తిరిగొచ్చినప్పుడు మాత్రం వాడలేదన్నాడు. ఆ రెండేళ్ళ రక్తం లెక్కలు సహజంగా అలా వచ్చే అవకాశం పది లక్షల్లో ఒకటి కూడా లేదని అదే సంస్థ రిపోర్టులో ఉంది. అప్పటి డోపింగ్ నిబంధనల్లో కేసు పెట్టడానికి గడువు ఎనిమిదేళ్ళు. క్లర్కు బుర్ర కదా, నాకు వెంటనే లిమిటేషనే, అంటే దావా గడువే గుర్తొచ్చింది. అతని మనసులో ఏముందో నాకేం తెలుసు, తేదీలు మాత్రం కూడుకోవచ్చు, 2005కి ఎనిమిది కలిపితే 2013.

మన మల్లీశ్వరి కాంస్యం తెచ్చిన 2000 సిడ్నీలోనే మారియన్ జోన్స్ ఐదు పతకాలు గెలిచింది. ఏళ్ళ తరబడి ఏమీ వాడలేదంది. 2007లో ఫెడరల్ కోర్టులో నేరం ఒప్పుకుని, బయటికొచ్చి ఏడ్చింది. ఆరు నెలలు జైలు, పతకాలన్నీ వాపసు.

అలాగని దొరికిన ప్రతివాడూ దొంగేనని కాదు. ఒంట్లో మందు దొరికితే బాధ్యత ఆటగాడిదే, ఎలా వచ్చిందన్నది శిక్ష వేసేటప్పుడు చూస్తారు. 2019లో పృథ్వీ షా దగ్గుకి సిరప్ తాగాను, అందులో ఉందన్నాడు. బీసీసీఐ నమ్మి ఎనిమిది నెలలతో సరిపెట్టింది. 2016లో రెజ్లర్ నర్సింగ్ యాదవ్ తన తిండిలో ఎవరో కలిపారన్నాడు. మన దేశపు యాంటీ డోపింగ్ సంస్థ నాడా వదిలేసింది, రియోలో క్రీడల ఆర్బిట్రేషన్ కోర్టు నాలుగేళ్ళ నిషేధం వేసింది. రెండు కథలూ టీవీలో వింటే ఒకలాగే ఉంటాయి. అందుకే ఆ కుర్రాణ్ణి కామెంట్లలో తిట్టేవాళ్ళన్నా నాకు ఒళ్ళుమంటే. వాళ్ళూ మొహం చూసే తీర్పు చెప్తున్నారు.

ఆ యాంకరు అడగనివి నువ్వు రాసుకో, రేపు కోచ్‌వి కాబోతున్నావు. శాంపిల్ ఇచ్చేటప్పుడు ఫారంలో గత ఏడు రోజుల్లో వాడిన మందులు, సప్లిమెంట్లు రాయాలి కదా, అతను ఏం రాశాడు? మళ్ళీ పరీక్షించడానికి విడిగా దాచిన బి శాంపిల్ తెరవమన్నాడా? ఆ పౌడరు డబ్బా ఉందా, బ్యాచ్ నంబరుందా, బిల్లుందా? కొనిచ్చింది ఎవరు? ఇక్కడ మన పేటలో జిమ్ముల్లో లేబుల్ సగం చిరిగిన డబ్బాలు చేతులు మారుతుంటాయి, బిల్లు అడిగితే నవ్వుతారు. పందొమ్మిదేళ్ళ పిల్లాడు తనంతట తానే ఆ మందు పేరు నేర్చుకున్నాడంటే నేను నమ్మను. కెమెరా ముందు వాడొక్కడే కూర్చున్నాడు. వాడి కోచ్ ఎక్కడ, డాక్టర్ ఎక్కడ?

అతని తప్పు లేదని తేలితే నాకూ సంతోషమే. అతని కేసు విచారించే డోపింగ్ ప్యానెల్ ఆర్డరు వస్తే పంపు, కళ్ళజోడు పెట్టుకుని ప్రతి పేరా చదువుతా. ఇంటర్వ్యూ రెండో భాగం మాత్రం పంపకు.

ఆశీస్సులతో,
నాన్న