విమాన ఇంటర్నెట్, టవర్ల మైక్రోవేవ్ లింకులు: కేంద్ర కమ్యూనికేషన్ల శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రిగారికి నమస్కారాలు.

నేను చెన్నైలో మొబైల్ టవర్లను కలిపే మైక్రోవేవ్ లింకుల నిర్వహణలో పనిచేస్తున్న తెలుగువాడిని. 2023 చివర్లో దుబాయిలో జరిగిన ప్రపంచ రేడియో కమ్యూనికేషన్ సదస్సు, ప్రయాణికుల ఇంటర్నెట్ వంటి సేవల కోసం విమానాల మీది యాంటెన్నాలు 12.75–13.25 గిగాహెర్ట్జ్ ఫ్రీక్వెన్సీ బ్యాండులో భూస్థిర ఉపగ్రహాలకు (ఆకాశంలో ఒకేచోట నిలిచినట్టు కనిపించేవాటికి) సంకేతాలు పంపేందుకు దారి తెరిచింది. మన 13 గిగాహెర్ట్జ్ లింకులు నడిచేదీ సరిగ్గా ఆ బ్యాండులోనే గనుక, మన గగనతలంలో దాన్ని అనుమతించే ముందు నా మాట ఆలకించవలసిందిగా కోరుతున్నాను.

నేల మీది లింకులను ఆ సదస్సు గాలికి వదిలేయలేదు; విమానం నుంచి నేలకు చేరే శక్తికి పరిమితులు పెట్టింది. పైగా, ఉదాహరణకు 83 డిగ్రీల తూర్పు రేఖాంశంలోని ఉపగ్రహం చెన్నైకి 70 డిగ్రీలు మించిన ఎత్తులో కనిపిస్తుంది కాబట్టి, విమానం వీపున ఉండే యాంటెన్నా మామూలుగా ఆకాశం వైపే చూస్తుంది. చిక్కల్లా విమానం కిందికి దిగేటప్పుడు, మలుపులో ఒక పక్కకు ఒరిగినప్పుడు వస్తుంది. టవరు మీది డిష్ దాదాపు దిగంతాన్నే చూస్తుంటుంది. పది కిలోమీటర్ల ఎత్తున పోయే విమానం దాని ఎదుటికి రావాలంటే ఎంతో దూరాన ఉండాలి గానీ, చెన్నై విమానాశ్రయం ఉన్న మీనంబాక్కంలో దిగబోయే విమానం కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ఎదురుపడగలదు.

అటువంటి అంతరాయం కొన్ని సెకన్లకు మించదు, అందుకే అది పట్టుబడదు. ఇప్పటి రేడియోలు మాడ్యులేషన్ (ఒక్కో సంకేతంలో ఇమిడ్చే డేటా) తగ్గించుకుని, వేగాన్ని వదులుకుని లింకును నిలబెట్టుకుంటాయి. అవి నమోదు చేసే లెక్క పదిహేను నిమిషాలకొకటి. అందులో తప్పులు పడ్డ సెకన్లు కొన్ని కనిపిస్తే, ఈశాన్య రుతుపవనాల కాలంలో మేమంతా వాన ఖాతాలోనే రాస్తాం. అసలు భయం కూడా వానతోనే. సిగ్నల్‌కు అవసరానికి మించి ఉంచుకున్న మార్జిన్‌లో సింహభాగం వాన మింగేశాక, ఎండ రోజున లెక్కలోకి రాని చిన్న అంతరాయమే లింకును పడగొట్టగలదు. దుబాయిలో చర్చలు సాగుతున్న రోజుల్లోనే మిచౌంగ్ తుపాను చెన్నైని ముంచెత్తి బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి వేళ నేలలోని ఫైబర్ తెగితే చాలా టవర్లకు మిగిలే దారి మైక్రోవేవే.

2018 నాటి విమాన, సముద్ర అనుసంధాన నిబంధనల్లో 3,000 మీటర్ల కనీస ఎత్తు ఉంది. అది ప్రయాణికులకు అందే సేవకే పరిమితం కాకుండా, ఈ బ్యాండులో విమానం యాంటెన్నా చేసే ప్రసారానికి కూడా వర్తించాలని నా విన్నపం. ప్రతి విమానం ఏ క్షణాన, ఎక్కడి నుంచి, ఏ ఫ్రీక్వెన్సీలో ప్రసారం చేసిందో సేవాసంస్థలు భద్రపరచాలి. లింకు నిర్వాహకులు ఫిర్యాదు చేసినప్పుడు వైర్‌లెస్ మానిటరింగ్ సంస్థ ఆ వివరాలను మా రికార్డులతో సరిపోల్చాలి. అనుమతికి ముందే చెన్నై విమానాశ్రయం చుట్టూ వానాకాలంలో కొలతలు తీయించి, ఫలితాలను అందరికీ అందుబాటులో ఉంచవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

భవదీయుడు,
ఒక మైక్రోవేవ్ ఇంజనీరు, చెన్నై